గరిక పీకించిన పాపం

విశాఖలో, సింహాచలం కొండవాలున ఇల్లు కట్టుకున్నాను. పెరటి వెనక పన్నెండు అడుగుల ఎర్రమట్టి వాలు. దాని మీద పాకిన గరికను నేనే పీకించాను. "గడ్డి తియ్యకండి బాబూ, మట్టి జారిపోతాది" అంది పనికొచ్చిన పెద్దామె. ప్లాస్టిక్ వల ఉండగా గడ్డితో ఏం పని అనుకున్నాను. నల్లటి వల చుట్టలు తెచ్చి పరిపించి, అక్కడక్కడ మేకులు కొట్టించి, నిశ్చింతగా పడుకున్నాను.

అక్టోబరులో అల్పపీడనం పట్టింది. మూడు రోజులు ఒకటే వాన. నాలుగోనాడు తెల్లారేసరికి కింద ఇంటివాళ్ల వాకిట్లో మా మట్టి మోకాలెత్తు పేరుకుంది. వల మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దామె కొడవలి మొనతో దాని అంచు ఎత్తింది. కింద నా చెయ్యి మోచేతి దాకా దిగేంత లోతు చారలు. పై అంచు దగ్గర దూరిన నీరు వల చాటునే మట్టిని కోసుకుపోయింది.

ఆ వాకిట్లో మట్టి నా చేతులతో ఎత్తిపోశాక గానీ నేర్చుకోవాలని తోచలేదు. వల పై అంచును అడుగు లోతు కాలవలో పూడ్చి దిమ్మిస చెయ్యాలి. కింద సందు లేకుండా నేలకు అతకాలి. పై పట్టీ అంచు కింది పట్టీ మీదికి రావాలి. ఇంతా చేసినా, చినుకు దెబ్బను వల కాచేది మొక్క వేళ్లూనేదాకానే. ఆ తర్వాత మట్టిని పట్టుకునేవి వేళ్లే. ఆ వేళ్లనే నేను పీకించాను.

వేసవిలో తడికెలు కట్టే వట్టివేరు నేలలోకి నిలువునా మూడు మీటర్ల దాకా దిగుతుంది. 1980లలో ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశంలో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా నేలకోతకు విరుగుడుగా దాన్ని ఊరూరా చాటారు. మైసూరు వైపు గుండ్లుపేట రైతులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పొలాల్లో వట్టివేరు వరసలు పెంచుతున్నారు. నిపుణులు చాటకముందే రైతులకు ఆ సంగతి తెలుసు. నేను నా పెరట్లో నిలబడి చెప్పిన మనిషి మాట వినలేదు. నా తప్పు ఇదే. వలను నిందించి లాభం లేదు.

తొలకరికి కొబ్బరిపీచు వల, వట్టివేరు పిలకలు తెచ్చాను. నీళ్ల ట్యూబుతో మట్టం చూసి, వాలుకు అడ్డంగా వరసలు గీశాను. ఎక్కడ మొదలెట్టమంటావని పెద్దామెను అడిగాను.

"పైనించి బాబూ. నీళ్లొచ్చేది అటునించే గదా."