మా గ్రౌండు ఎప్పుడో ఆన్‌లైనైంది

ఫోన్లో ఆడే ఫుట్‌బాల్ కూడా అచ్చమైన ఆటేనని 2025లో పార్లమెంటు తేల్చేసింది. ఆన్‌లైన్ గేముల బిల్లుకు ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదం, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆటలు బంద్, ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం గుర్తింపు, ప్రోత్సాహకాలు, శిక్షణ అకాడమీలు. లోక్‌సభలో గోల మధ్య చర్చ లేకుండా మూజువాణి ఓటుతో గట్టెక్కింది కాబట్టి, పరిగెత్తే ఆటకూ పడుకుని ఆడే ఆటకూ తేడా ఏమిటని అడిగే తీరిక ఎవరికీ దొరకలేదు. డబ్బాటల నిషేధంతో నాకు పేచీ లేదు. ఆ పని తెలంగాణ 2017లోనే చేసింది. నా దరఖాస్తంతా అకాడమీ కోసం.

అయ్యా, ఆ అకాడమీని మా ఊళ్ళో పెట్టండి. దేవరకొండ దాటి కల్వకుర్తి వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్కన వస్తుంది. ఈ రంగంలో మాకు మూడేళ్ళకు పైగా అనుభవం ఉంది.

2022లో ఊరికో క్రీడా ప్రాంగణం అన్నప్పుడు మాకూ ఒకటి వచ్చింది. ఇనుప పైపులు, వాటి మీద ‘తెలంగాణ క్రీడా ప్రాంగణం’ అని బోర్డు, పక్కన వేలాడ్డానికి రెండు బార్లు. బోర్డు వెనకాల సర్కారు తుమ్మ, తుమ్మ వెనకాల గుట్ట. గ్రౌండు ఉందని రికార్డు చెబుతుంది, విస్తీర్ణం చెబుతుంది, సర్వే నంబరు చెబుతుంది. కంటికి మాత్రం కనబడదు. లేని మైదానాన్ని ఉన్నట్టు చూపించడానికి జపాన్, అమెరికా కంపెనీలు కోట్లు పోసి ఇంజనీర్లను పెట్టుకుంటాయి. మావాళ్ళు ఆ పని ఉపాధి హామీ కింద ముగించేశారు.

మిగతా హంగులూ సిద్ధంగానే ఉన్నాయి. బడికి పీఈటీ పోస్టు ఉంది, అందులో మనిషి లేడు. ఫుట్‌బాల్ స్టాక్ రిజిస్టర్‌లో ఉంది, దానికి గాలి కొట్టాల్సిన అవసరం కూడా లేదు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 చివరిదాకా ఊరికి సర్పంచే లేడు, ప్రత్యేకాధికారి నడిపారు. ఫోన్ పక్కన పెట్టినా ఆట దానంతటదే సాగే పద్ధతి ఒకటి ఈ గేముల్లో ఉంటుందని మా పోరగాళ్ళు చెప్పారు. మా పంచాయతీ ఏడాదిన్నరకు పైగా అందులోనే నడిచింది.

ఆట మంచిచెడ్డలు తెలియకుండా అడుగుతున్నానని అనుకోకండి. కొనామి కంపెనీ వాళ్ళ ఫోన్ గేము ఈఫుట్‌బాల్‌లో గడ్డి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. మే నెలలో పాలమూరులో పచ్చగడ్డి చూడాలంటే అంతకంటే దగ్గరి దారి లేదు. టీములో చోటుకు ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం తెమ్మనదు. ఆఫ్‌సైడ్ ఇచ్చేముందు నువ్వెవరి బామ్మర్దివో చూడదు. ఆడపిల్ల ఆడినా అరుగు మీది పెద్దమనుషులు గొణగరు, ఎందుకంటే వాళ్ళకు కనబడదు.

ఈఏ కంపెనీ వాళ్ళ ఎఫ్‌సీ గేములో క్లబ్స్ అని ఒకటుంది. పదకొండు మంది పదకొండు చోట్ల కూర్చుని, తలా ఒక ఆటగాణ్ణి పట్టుకుని, ఒకే జట్టుగా ఆడొచ్చు. గోల్‌కీపర్ కూడా మనిషే. ఈ గేములన్నిటిలో నాకు నచ్చిన ఊహ ఇదొక్కటే, వ్యంగ్యం పక్కన పెట్టి చెబుతున్నా. మా ఊరి టీముకు సరిగ్గా ఇదే కావాలి. లెఫ్ట్ వింగు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. స్ట్రైకరు ముంబైలో మట్టి మోస్తున్నాడు. డిఫెన్సంతా హైదరాబాద్‌లో బైకుల మీద బిర్యానీ పొట్లాలు తిప్పుతోంది. పాలమూరు లేబర్ ఒక్కచోట జట్టు కట్టాలంటే ఇప్పుడు తెర ఒక్కటే దిక్కు. కాకపోతే దానికి కన్సోలో, మంచి కంప్యూటరో కావాలి. మావాళ్ళ దగ్గరున్నవి అద్దం పగిలిన ఫోన్లు. అందుకే ఉత్త పుణ్యానికి దొరికే ఈఫుట్‌బాల్.

ఇక చెడ్డలు. సిగ్నల్ తడబడితే కాలి దగ్గరున్న బంతి మాయమై మన గోల్లో తేలుతుంది. ఓడిపోయేవాడు నెట్ కట్ చేసి పారిపోతాడు. ఉత్త పుణ్యానికి ఇచ్చినవాడు ఊరుకోడు కదా, మెస్సీ కావాలంటే నాణేలు కొనమంటాడు. నాణేలు పెట్టి పెట్టె తెరిస్తే అందులో మెస్సీ ఉండొచ్చు, మెస్సీకి బూట్లు తుడిచేవాడు ఉండొచ్చు, నీ అదృష్టం. ఇలాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే అంది, 2019లో ఈఏ అక్కడ తన ఫిఫా గేము పాయింట్లు అమ్మడం మానుకుంది. డబ్బాటను తరిమికొట్టిన మన కొత్త చట్టంలో ఆ పెట్టెల పేరు కాగడా పెట్టి వెతికినా దొరకదు. రమ్మీలో వంద పోగొట్టుకుంటే బాధితుడు, మెస్సీ కోసం వంద పోగొట్టుకుంటే క్రీడాకారుడు!

ఒక్క విషయంలో కొనామి కంపెనీని మెచ్చుకోవాలి. 2021 సెప్టెంబర్ 30న ఈఫుట్‌బాల్ కొత్త రూపంలో దిగినప్పుడు ఆటగాళ్ళ మొహాలు చూసి లోకమంతా నవ్వింది. కొనామి క్షమాపణ చెప్పింది, మరుసటి ఏప్రిల్‌కు పెద్ద మరమ్మతు చేసి వదిలింది. మా ప్రాంగణం దిగి మూడేళ్ళు దాటింది. క్షమాపణా లేదు, అప్‌డేటూ లేదు.

మా దగ్గర శిక్షణ ఎంత కఠినంగా సాగుతోందో కూడా చెప్పాలి. మొన్న యూరియా కోసం సింగిల్ విండో ముందు చెప్పులు వరసగా పెట్టారు, ఫ్రీకిక్‌కు అడ్డం నిలబడ్డ గోడలాగా. చెప్పుల యజమానులు వేపచెట్టు కింద. ఆ వరసలో తొమ్మిదో తరగతి పోరడొకడు చంకలో పాసుపుస్తకం, చేతిలో ఫోనుతో నిలబడ్డాడు. చూపుడువేలితో బంతి తప్పించి, బొటనవేలితో కొట్టబోతుండగా తెర మీద ‘నాయిన’ అని వచ్చింది. పుణె నుంచి ఫోను. ఎత్తాడు. ఈలోగా గేటు దగ్గర ఏదో అరుపు వినబడింది, వరస కదిలి చెదిరిపోయింది.

“గెలిసినవారా?” అని అడిగాడు చెట్టు కింది ముసలాయన.

“లేదు తాతా. గేమూ పోయింది, యూరియా అయిపోయిందంట.”

వాడికి 2026లో జపాన్‌లో ఐచి-నగోయా ఏషియాడ్‌కు వెళ్ళాలని ఉంది. ఈఫుట్‌బాల్‌కు అక్కడ పతకముంది మరి. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు అసలు బంగారం 1951లో ఒకసారి, 1962లో ఒకసారి వచ్చింది. రెండుసార్లూ కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఆ జట్టులో మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం. చట్టం వచ్చే నాటికి దేశంలోని పెద్ద లీగు ఐఎస్‌ఎల్ ఆ సీజన్ ఉంటుందో లేదో 2025 జూలై నుంచి తేలలేదు. అసలాట అటకెక్కింది, నీడకు చట్టం వచ్చింది.

ముఖ్యమంత్రిగారు ఫుట్‌బాల్ అంటే ప్రాణమిస్తారు, పైగా మా పాత పాలమూరు జిల్లా కొండారెడ్డిపల్లి మనిషి. 2024 మేలో ఎన్నికల ప్రచారం ముగియగానే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలతో ఆడారు. సంతోషం. అక్కడ గ్రౌండుంది.

ఇక నవ్వలేను. మా పక్కనే ఉన్న నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఒకసారి వెళ్ళి చూడండి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి, మోకాళ్ళు వంకరపోయి, పదేళ్ళ వయసులోనే గోడ పట్టుకుని నడిచిన తరం ఇంకా బతికే ఉంది. ఆ నీళ్ళు మార్చమని వాళ్ళు ఎన్నేళ్ళు ఏడ్చారో, ఏ ఏ గుమ్మాల ముందు తమ కాళ్ళు చూపించుకున్నారో ఆ జిల్లాలో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు కృష్ణా నీళ్ళు తాగి పెరిగిన పిల్లల కాళ్ళు తిన్నగా ఉన్నాయి. వాళ్ళ తాతల కాళ్ళు అరిగి సంపాదించిన కాళ్ళవి. వాటికి ఒక ఎకరం చదును నేల చూపించలేని మీరు బొటనవేళ్ళకు అకాడమీ పెడతారా? పిల్లలు ఫోన్లలో పాడైపోతున్నారని ఒక నోటితో అంటారు, ఫోన్లోదే ఆటని ఇంకో నోటితో అంటారు. సాయంత్రం బడి విడిచాక ఆ పిల్లాడు బయట ఎక్కడ ఆడాలో ఏ నోటితోనూ అనరు.

మీ అకాడమీ ఢిల్లీలోనే పెట్టుకోండి, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నా. మాకో జేసీబీని ఒక్కరోజుకు పంపండి. తుమ్మ పీకించండి, రాళ్ళు ఏరించండి, రెండు గోల్ పోస్టులు పాతించండి, జీతం ఇచ్చి ఒక పీఈటీని వెయ్యండి. జాగా ఎక్కడని వెతకక్కర్లేదు. సర్వే నంబరు మీ రికార్డుల్లోనే ఉంది.