అమ్మమ్మ చీరలోని మడత గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మడత గారికి,

మా అమ్మమ్మ గద్వాల చీరలో మీరు కాపురం పెట్టి డెబ్బై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మా ఇంటి నుంచి మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరం అనుకోలేదు. చీరను కాపాడేది మీరేనని అమ్మమ్మ నమ్మింది, అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను.

మా వైపు నుంచి మీకు ఏ లోటూ రానివ్వలేదు. ఏటా దసరాకు ముందు ఇనప పెట్టె తెరిచి, చీర తీసి, నీడపట్టున దండెం మీద ఆరేసేవాళ్లం. సాయంత్రం మళ్లీ మడవడానికి ఇద్దరు మనుషులు కావాలి. తొమ్మిది గజాలంటే ఎనిమిది మీటర్ల పైచిలుకు. ఒక కొస అమ్మమ్మ పట్టుకునేది, రెండో కొస అమ్మ. "పాత గీత మీదికే రావాలె బిడ్డా, పక్కకు పోవద్దు, పైలం" అని అమ్మమ్మ ప్రతిసారీ చెప్పేది. మీ గీత తప్పితే చీర చెడిపోతుందని ఆమె భయం. గీత మీద గీత కుదిరాక అరచేత్తో రెండుసార్లు ఒత్తేది. పాత పంచె గుడ్డలో చుట్టి, పక్కన ఎండిన వేపాకు వేసి, కదలకుండా పైన నాలుగు బరువైన చీరలు పేర్చేది. ఆ మర్యాద అంతా మీకు చేసిందే.

మొన్న మాఘంలో మా అమ్మాయి పెళ్లి కుదిరింది. ముత్తవ్వ చీర కట్టుకుంటానని తనే అడిగింది. పెట్టె తీసి చీరను మంచం మీద పరిచాను. అంచు పట్టుకుని ఒక్కో పొరా విప్పుతుంటే ఎండుటాకు నలిగినట్టు చప్పుడు వినిపించింది. మధ్యకు మధ్యగా నాలుగుసార్లు మడిచిన చీరకు అడ్డంగా పదిహేను గీతలు పడతాయి. పదిహేను చోట్లా, రెండు వైపులా, పట్టు అంచు పగిలి ఉంది. కొన్నిచోట్ల వేలు దూరేంత. కొంగులో జరీ పొడిపొడిగా రాలి దుప్పటి మీద పడింది. మధ్యలోని నూలు బట్టకు మాత్రం ఏమీ కాలేదు. అది నిన్న మగ్గం దిగినట్టే ఉంది.

అయ్యా, అంతకాలం మా చేతి అన్నం తిన్నట్టు ఉండి మీరు చేసిన పని ఇది. అందుకే ఈ ఉత్తరం నాలుగు గోడల మధ్య ఉంచకుండా అందరి ముందూ రాస్తున్నాను. పెట్టె అడుగున తల్లి చీరో, అమ్మమ్మ చీరో దాచుకున్న ప్రతి ఇంట్లోనూ మీరు ఉన్నారు కదా.

గద్వాల చీర తీరు మీకు తెలియనిది కాదు. ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. వేర్వేరుగా నేసి అతికించిన ముక్కలు కావవి. అంచును నేతలోనే, పేక దారాలను ఒకదానికొకటి మెలివేసి, ఒంటితో కలుపుతారు. దాన్ని కుట్టు నేత అంటారు, సూదితో కుట్టింది కాకపోయినా. అంత కష్టపడి నేతగాడు కలిపిన కలయికను మీరు తెంచలేకపోయారు. అంచూ నూలూ కలిసేచోట ఈనాటికీ ఒక్క పోగు ఊడలేదు. బలహీనుణ్ని చూసి దెబ్బ కొట్టినట్టు, పట్టునూ జరీనీ ఎంచుకుని పగలగొట్టారు.

జరీని మేము దారం అనుకున్నాం. మీకు ముందునుంచీ తెలుసు అది తీగ అని. వెండిని వెంట్రుక కంటే సన్నగా సాగదీసి, చదును చేసి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూస్తే అసలు జరీ అవుతుంది. సూరత్ నుంచి దేశమంతటి మగ్గాలకూ వెళ్లింది అదే. తీగను ఒకేచోట వంచి, చాపి, మళ్లీ అక్కడే వంచితే తెగుతుందని ఇనప తీగతో ఆడుకునే పిల్లవాడికి కూడా తెలుసు. ఏటా దసరాకు మేము చేసింది సరిగ్గా అదే పని. తెగిన తీగ మొన పక్కనున్న పట్టు పోగును కోస్తుంది. ఆ పోగు తెగితే పక్కదాని మీద బరువు పడుతుంది. పైగా మీ గీత ఎప్పుడూ మిగతా బట్ట కంటే కొంచెం పైకి లేచి ఉంటుంది. దుమ్మైనా, వెలుతురైనా, పెట్టె రాపిడైనా ముందు తగిలేది అక్కడే. వెలుతురును పట్టు తట్టుకోలేదు. ఇవన్నీ మీరు కూడగట్టుకుంటూ, మేము అరచేత్తో ఒత్తిన ప్రతిసారీ ఇంకాస్త లోతుకు దిగారు. ఒక్కసారైనా ఒక సూచన ఇవ్వలేదు.

రాలిన పోగులను నేను పారేయలేదు. చీర నుంచి కొత్తగా ఒక్క దారం కూడా తెంచకుండా దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడానికి అవి పనికొచ్చాయి. చీర లోపలి కొస దగ్గర తనంతట ఊడిన పోగును దీపానికి చూపితే కాగితం కాలిన వాసన వచ్చింది. నూలే. అంచు పోగు వెంట్రుక కాలిన వాసన వేసి, చిటికెతో నలిపితే పొడి అయింది. పట్టే. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. జరీ ముక్కను గోటితో గీరితే పసుపు పోయి తెల్లటి వెండి కనిపించింది. టెస్టెడ్ జరీ అయితే ఎర్రటి రాగి బయటపడేది. అందులో వెండి పూతగా మాత్రమే ఉంటుంది. తీగ చుట్టు విప్పితే లోపల ఎర్రటి పట్టు పోగు. భూతద్దంతో చూస్తే అంచు చివర వరసగా సన్నని చిల్లులు ఉన్నాయి. మగ్గం మీద బట్ట కుంచించుకుపోకుండా సాగదీసి పట్టే కర్రకు ఉండే మొనలు పొడిచిన చిల్లులు అవి. మనిషి చేతులు దాన్ని జరుపుకుంటూ పోయిన జాడ.

పాత చీరలు కొనే వ్యాపారి ఒకాయన ఫొటో చూసి, నూటపాతికేళ్ల నాటిది, ఆకుల నుంచి తీసిన రంగులది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. 1856లోనే విలియం పెర్కిన్ రసాయన రంగు కనిపెట్టాడు. ఆ తర్వాత వంకాయ రంగు అంచును చూసి ఏ కాలమో చెప్పడం ఎవరి తరమూ కాదు. కొత్త చీరలకు 2004 నుంచి సిల్క్ మార్క్ చీటీ, 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ చీటీ వచ్చాయి. పాత చీరకు ఏ చీటీ లేదు. తొమ్మిది గజాల పొడవు, రవికె గుడ్డ కలపకుండా నేయడం, అసలు జరీ, వీటికి తోడు అమ్మమ్మ మాట: హైదరాబాదు సంస్థానం మీద జరిగిన పోలీసు చర్యకు ముందు ఏడు తన పెళ్లి. అంటే 1947. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, గద్వాల ఇంకా సంస్థానంగా ఉన్న రోజుల్లో, పేరు మిగలని ఒక నేతగాడు నేసిన చీర. అంతకు మించి ఒక్క ఏడు కూడా వెనక్కి జరపను. ఇంకో సాక్ష్యం మీరే. మీ గీతకూ గీతకూ మధ్య ఇరవై అంగుళాల పైచిలుకు ఉంది. పెళ్లికి పెట్టిన ఇనప పెట్టె లోపలి కొలతకు అది సరిగ్గా కుదిరింది. ఈ చీర ఆ పెట్టె దాటి ఎక్కడా బతకలేదు.

ఇంత సాక్ష్యం చెప్పగలిగిన మీరే మా పెద్దమ్మ చీరకు ఏం చేశారో కూడా రాయాలి. ఆమెది కూడా గద్వాలే, ఆవాల రంగు ఒళ్లు, ఎర్ర అంచు. మీ గీతల మీద పగిలిందని, ఇక కట్టడానికి పనికిరాదని, "పాత జరీ చీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చినవాడికి ఇచ్చేసింది. బదులుగా రెండు స్టీలు గిన్నెలు వచ్చాయి. అలాంటి చీరలను కాల్చి బూడిదలోంచి వెండి తీస్తారు. పెద్దమ్మ చీర ఏ వెండి ముద్దలో కలిసిందో. ఆ ఎరుపు మళ్లీ ఎక్కడా కనబడలేదు నాకు.

మీ మీద నమ్మకం ఉన్నా, కట్టుకుంటే మీరు కనబడకూడదని మా అమ్మ ఒకసారి చీరను హైదరాబాదులో ఒక ఇస్త్రీ దుకాణానికి ఇచ్చింది. వాళ్లు నీళ్లు చల్లి, వేడి పెట్టెతో మిమ్మల్ని అదిమారు. మీరు పోలేదు. అక్కడక్కడ జరీ నల్లబడి తిరిగొచ్చింది. వేపాకుతో పాటు కలరా ఉండలు కూడా నేరుగా బట్ట మీద వేసిన తప్పు మాత్రం మాది, దాన్ని మీ మీద మోపను.

మీ చరిత్ర మా పెట్టెతోనే మొదలు కాలేదని కూడా తెలుసు. 19వ శతాబ్దం చివర ఐరోపాలో పట్టుకు బరువు పెంచడానికి తగరం లవణాలు పట్టించేవారు. ఆ పట్టుతో కుట్టిన గౌన్లు ఈనాడు మ్యూజియంలలో మీ గీతల వెంట కూడా చీలికలు పేలికలు అవుతున్నాయి. సేవ చేయడం తప్ప ఆపడం అక్కడివాళ్లకూ చేతకావడం లేదు. మా సిరిసిల్ల నేతగాళ్లు అగ్గిపెట్టెలో పట్టే చీర నేస్తే మేము చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు వాళ్ల వేళ్లకు చెందాలి, మీకు కాదు. అంత సన్నని బట్టను అంత చిన్నగా మడిచి ఉంచితే నలభై ఏళ్ల తర్వాత ఏం మిగులుతుందో నాకిప్పుడు తెలుసు.

కాబట్టి తెలియజేయడమేమనగా, మా ఇంట్లో మీకిక చోటు లేదు. పగిలిన అంచుల వెనక సన్నని పట్టు గుడ్డ ఆసరాగా పెట్టి, సన్న సూదితో, పాత పోగును లాగకుండా అతికిస్తున్నాను. జిగురు వాడను. రఫ్ఫు కూడా చేయించను. బలం లేని పట్టును రఫ్ఫు దారం ఇంకా చీలుస్తుంది. పదిహేనింటిలో ఆరు గీతలు అయ్యాయి. చీర పన్నా కంటే పొడవైన గొట్టం తెప్పించి, దానికి ఉతికిన గంజి లేని మల్లుగుడ్డ నాలుగు చుట్లు చుట్టాను. చీరను దాని మీద, పొరకూ పొరకూ మధ్య అదే గుడ్డ వేసుకుంటూ, బిగించకుండా చుడతాను. న్యూసుపేపరు లేదు, ప్లాస్టిక్ సంచి లేదు. మా దగ్గర గొట్టం చాలని మిగతా చీరలకు మడిచే చోట మెత్తని గుడ్డ చుట్ట పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చి పెడతాం. పాత గీత మీదికి ఎవరినీ రానివ్వం.

మా అమ్మాయి పెళ్లిలో ఆ చీర కట్టుకోలేదు. పీటల పక్కన బల్ల మీద పరిచి ఉంచాం. అక్షింతలు పడకుండా పైన పలచటి గుడ్డ కప్పాం. తను వచ్చి పగలని చోట ఒకసారి చెయ్యి పెట్టి వెళ్లింది.

వచ్చే దసరాకు గొట్టం విప్పి చూస్తాను. మీ గీతలు అక్కడే ఉంటాయని తెలుసు. ఇంతకంటే లోతుకు దిగకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

ఇట్లు,
గద్వాల చీర గల అమ్మమ్మ మనవరాలు