యెషివా నుంచి కాలేజీకి: నోరు మెదపకుండా చేరే ఏడు చిట్కాలు

బ్రూక్లిన్‌లోని యెషివాలో, అంటే యూదుల మత పాఠశాలలో, ఇన్నేళ్లూ యూదు ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ చదివావు. జతగాడు హవ్రూసాతో ఎదురెదురుగా కూర్చుని, వ్యాఖ్యాత రాషీ ఇలా ఎందుకన్నాడు, తోసఫోత్ వ్యాఖ్యానం ఎందుకు ఒప్పుకోలేదు అని ఒక్క వాక్యం మీద పూటంతా బల్ల గుద్ది వాదించావు. అడిగింది చాలు నాయనా! కాలేజీ విషయంలో మాత్రం ఎవర్నీ ఏమీ అడక్కు.

1. కాలేజీలో చేరడానికి రాసే శాట్ పరీక్ష మామూలుగా శనివారం పెడతారు. ఆ రోజు షబ్బాత్ విశ్రాంతి పాటించేవాళ్లకు ఆదివారం రాసే వీలుంది కానీ, దానికి ముందే అడగాలి. అడగడమెందుకు? పరీక్షే మానెయ్.

2. కట్టుదిట్టమైన హసిదిక్ యూదుల యెషివాలు కొన్నింట్లో అబ్బాయిలకు పదమూడేళ్లు దాటాక ఇంగ్లీషు, లెక్కలు దాదాపు చెప్పరు. హైస్కూల్ డిప్లొమా లేకపోతే దానికి బదులు జీఈడీ పరీక్ష రాయాలని ఎవరో అంటారు. పట్టించుకోకు. కౌంటర్ దగ్గర గుమాస్తా డిప్లొమా అడిగితే, తాల్ముద్‌లో 2,711 పత్రాలున్నాయని చెప్పు. సీటు అతనే ఇంటికి పంపిస్తాడు.

3. మీ పిన్ని కొడుకు తాల్ముద్ డిగ్రీ, లా ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో మంచి మార్కులతో లా కాలేజీలో చేరాడు. కాబట్టి అదే డిగ్రీతో నువ్వు మెడిసిన్‌లో చేరొచ్చు. కెమిస్ట్రీ ల్యాబు ఎప్పుడు చేశావంటే, ఆ సంగతి తర్వాత చూద్దామను.

4. పొద్దున తాల్ముద్, మధ్యాహ్నం కాలేజీ పాఠాలు నడిపే యెషివా యూనివర్సిటీ, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా ఉన్న టూరో యూనివర్సిటీ వారి లాండర్ కాలేజీలు, ఫీజు తక్కువైన సర్కారీ బ్రూక్లిన్ కాలేజీ: అన్నీ ఒకటే. బ్రోచర్‌లో పచ్చగడ్డి ఎక్కువ కనబడినదాన్ని ఎంచుకో.

5. హాస్టల్ నియమాలు పెట్టె దించాకే చదువు. 1997లో యేల్ యూనివర్సిటీలో కొందరు ఆర్థొడాక్స్ యూదు విద్యార్థులు, ఆడా మగా కలిసుండే హాస్టల్లో మేముండం అన్నారు. కోర్టుకెక్కారు. ఓడిపోయారు. నీ అదృష్టం వేరుగా ఉండొచ్చు.

6. చదువు మొదలైన కొన్నాళ్లకే రోష్ హషానా, యోమ్ కిప్పుర్, సుక్కోత్ పండగలు వరసగా వచ్చిపడతాయి. మతపరమైన సెలవు తీసుకున్న విద్యార్థికి తప్పిన పరీక్ష మళ్లీ పెట్టాలని న్యూయార్క్‌లో చట్టమే ఉంది. దాన్ని తెలుసుకోకు. సరిగ్గా పండగ మొదలయ్యే పొద్దుగూకే వేళకు ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ కొట్టి, ఫోను కట్టేసి పండగలోకి వెళ్లిపో. జవాబు ఏమొచ్చిందో పండగయ్యాక చూసుకోవచ్చు.

7. మొదటి క్లాసు చివర్లో ప్రొఫెసర్ "ఏమైనా సందేహాలా?" అంటాడు. అందరూ తలలు దించుకుంటారు. నీకు మాత్రం నాలుక దురద పెడుతుంది. ఆయన చెప్పిన రెండో మాట మొదటి మాటకు అడ్డం వస్తోందని అప్పటికే పట్టేసి ఉంటావు. జాగ్రత్త! ఆ ఒక్క విద్యా బయటపడిందంటే, యెషివాలో నువ్వేదో నేర్చుకున్నావని ఆయనకు తెలిసిపోతుంది. గంగిరెద్దులా తలూపి బయటికి నడు. ఫీజు కట్టాక కూడా బుర్ర వాడాలంటే ఎలా?