బావగారి ఎయిర్‌పోర్టు బేరం

మా అక్క మొగుడికి తనకు పిల్లలున్న సంగతి సెక్యూరిటీ చెక్ దాటాకే గుర్తొస్తుంది. ఆఫీసు పని మీద ఢిల్లీలో నాలుగు రోజులుంటాడు. బొమ్మల హోల్‌సేల్ అంతా జరిగే సదర్ బజార్ పక్కనుంచే ఆటోలో పోతాడు. అక్కడ ఒక్క బొమ్మా కంటికానదు. బెల్టు విప్పి ట్రేలో పడేసి మళ్లీ పెట్టుకునేలోగా పితృవాత్సల్యం పొంగుకొస్తుంది.

ఓసారి నేనూ పక్కనున్నాను. షాపు అమ్మాయి బాబు వయసెంతని అడిగింది. బావ నేల మీంచి మోకాలి పైదాకా చెయ్యి లేపి "బస్, ఇత్నా" అన్నాడు. వాడు ఆ ఎత్తున ఉన్నది ఎల్కేజీలో. ఇప్పుడు మూతి మీద నూగు మీసం.

ఆ తర్వాత కనబడ్డ మీటల్లా నొక్కాడు. ఫైరింజన్ కూసింది, కుక్కపిల్ల పల్టీ కొట్టింది, మా విమానానికి ఆఖరి పిలుపు వినబడింది. బావ మాత్రం ఎమ్మార్పీ మీద కోఠీ పేవ్‌మెంటు బేరం ఆడుతున్నాడు. రెండు తీసుకుంటే ఎంతకిస్తారట!

పైగా చాదస్తం. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది కదా, అప్పట్నుంచీ కళ్లజోడు నుదుటి మీదకి తోసి ప్రతి పెట్టె అడుగూ తిరగేస్తాడు. ఎరుపూ పసుపూ చారల లక్క బొంగరం ఒకటి పట్టుకుని "దీని మీద మార్కేదీ?" అని ఆ పిల్లని నిలదీశాడు. జీఐ గుర్తింపున్న చేతిపని సరుక్కి ఆ రూలు వర్తించదు సార్ అని ఓపిగ్గా చెప్పి, చీటీ చూపించింది. ఏటికొప్పాక.

బావది యలమంచిలి. ఏటికొప్పాక కూతవేటు దూరం. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క అద్దడం చిన్నప్పుడు సైకిలాపి చూసినవాడే. పెళ్లై ఇన్నేళ్లలో అక్కణ్ణించి ఒక్క బొమ్మ పట్టుకొచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడేమో ఛాతీ విరుచుకుని, "మనూరిదిరా! ఏటనుకున్నావ్?" అన్నాడు. బేరం లేకుండా మూడు కొనేశాడు, ఒకటి మా అమ్మాయికి. అదీ ఆయనతో వచ్చిన చిక్కు. తిడదామనుకునేసరికి ఇలాంటి పని చేస్తాడు. విమానంలో లాప్‌టాప్ బ్యాగుని పైన ఎక్కడో కుక్కేసి, బొంగరాల సంచీని మాత్రం హైదరాబాదు దాకా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, ఫైరింజన్‌కి బ్యాటరీలు విడిగా కొనుక్కోవాలట. మీసాల కొడుకు దాన్ని ఓసారి చూసి ఫోన్లోకి వెళ్లిపోయాడు. బావ టీవీ రిమోట్‌లోవి పీకి అందులో వేసి, హాలంతా తనే తిప్పాడు. సరిగ్గా సీరియల్ వేళకి. మర్నెల ప్రయాణానికి సూట్‌కేసు సర్దుతూ అక్క చొక్కా జేబులో చీటీ పెట్టింది: పెన్సిల్ సెల్లులు, నాలుగు. బొమ్మలు వద్దు.