నీ ఇంటి పేరేంది?

2020 అక్టోబరు వానకు సరూర్‌నగర్ చెరువు పిలవకుండానే కాలనీల్లోకొచ్చింది. మావాళ్లింట్లో ఫ్రిజ్ పడవైంది. పదివేల సాయానికి మీసేవ ముందు బారులు తీరితే, హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల కోడని నవంబరులో అదీ ఆపేశారు. ఇక ఓటు నాలాల మీదేననుకున్నాం. మైకులో మోగింది మాత్రం పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్, భాగ్యనగరం. ఎల్బీనగర్‌లో 11 డివిజన్లూ బీజేపీకే.

ఎందుకని దిల్‌సుఖ్‌నగర్ టీకొట్టులో ఓ పెద్దాయన్ని అడిగా.

"పదివేలు రాలే. కోపమొచ్చి గుద్దిన."

"మరి డబ్బులందిన పక్కింటాయన?"

"ఆయనది దేశం కోసం."

2023లో అసెంబ్లీకి అదే ఎల్బీనగర్ బీఆర్ఎస్‌ను గెలిపించింది. "అది దేనికి?"

టీ ఊదుకుంటూ నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఇంతకీ నీ ఇంటి పేరేంది బిడ్డా?"