నేను బీసీజీ సీసాను

నాది ముదురు గోధుమరంగు గాజు ఒళ్లు. ఎండ పొడ గిట్టదు. ఆర్మూరులో ఒక టీకా గదిలో, 2 నుంచి 8 డిగ్రీల చలిలో నా కాపురం. కడుపులో ఉన్నది క్షయ టీకా; అందులోవి బతికున్న క్రిములే. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 నుంచి పదమూడేళ్లు పశువుల క్షయ క్రిమిని 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని పొగరు అణిచారు. 1921లో మొదటిసారి ఒక పసికందుకు ఇచ్చారు.

అప్పుడే పుట్టిన బిడ్డ ఎడమ భుజం మీద, చర్మం పొరల్లోకి 0.05 మిల్లీలీటరు. అంతే నా పని. ఒంటికి కాపలా కాసే టీ కణాలు ఆ క్రిములను పసిగట్టి అణచేస్తాయి. చిన్న మచ్చ మిగులుతుంది.

ఆ టీ కణాలే లేని పిల్లలూ పుడతారు. మూలుగలోంచి వచ్చిన కణం టీ కణంగా ఎదగాలంటే ఇంటర్‌ల్యూకిన్-7 కబురు అందాలి. అందుకునేది కణం మీది గ్రాహకం. మార్కెట్ యార్డులో పసుపు వేలంపాట ఎంత గట్టిగా పాడినా, కొనేవాడికి చెవుడైతే కొమ్ముల రాశి కదలదు కదా! ఆ గ్రాహకంలో ఒక ముక్కను తయారుచేసే జన్యువు ఐఎల్2ఆర్‌జీ. అందులో తప్పు పడితే స్కిడ్ అనే జబ్బు వస్తుందని 1993లో తేలింది. జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లికి రెండో ఎక్స్ అండ. మగబిడ్డకు ఆ అండ లేదు. అలాంటి బిడ్డ ఒంట్లో నా సాధు క్రిములే చెలరేగుతాయి.

ఇందాక ఒక అమ్మమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు. సిస్టరమ్మ సిరంజి పట్టుకునే అడిగింది: "అవ్వా, నీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు కొడుకులు పుట్టిండ్రు బిడ్డా. ఏడాది నిండకముందే పోయిండ్రు. పెద్దోనికి సూదేసిన దిక్కు చంకల గడ్డ లేచింది. దిష్టి అన్నరు. ఈ పిలగాని తల్లి ఒక్కతే దక్కింది."

సిస్టరమ్మ సిరంజి ట్రేలో పెట్టేసింది. "ఈ బాబుకు ఇప్పుడే వద్దవ్వా. ముందుగాల రక్తపరీక్ష చేపిద్దాం."

జబ్బు ఉందని తేలినా దారి ఉంది. 1968లోనే అమెరికాలో స్కిడ్ ఉన్న ఒక పిల్లవాడికి మూలుగ మార్పిడి ఫలించింది. ఇన్‌ఫెక్షన్లు ముసరకముందే, తొలి నెలల్లో చేస్తే బతికే ఆశ ఎక్కువ.

క్షయ ఉన్న దేశంలో మిగతా పిల్లలకు నేను కావాలి. నన్ను వద్దనకండి, మూత తీసే ముందు తల్లి పుట్టింటి సంగతి ఒక్కసారి అడగండి.

మందు కలిపాక నా ఆయుష్షు నాలుగు గంటలు. తర్వాత మిగిలింది పారబోసి, రిజిస్టరులో వృథా కింద రాస్తారు. ఆ బాబుకు వెయ్యని చుక్కా అందులోనే పడుతుంది. అది వృథా అంటే నేను ఒప్పుకోను.