పట్టు

నేను ష్వాన్ కణాన్ని. 1830ల చివర్లో మమ్మల్ని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ష్వాన్ పేరే మాకు ఇంటిపేరైంది. ఒక వరికోత కూలీ ఎడమ అరచేయి మొదట్లో, మీడియన్ నరంలో నా కాపురం. వెన్నుపాము పక్కన మొదలై వేలి కొసదాకా సాగే ఒక తంతువులో మిల్లీమీటరు మించని ముక్క నా వంతు. దానికి మయలిన్ పొరలు చుట్టి, కబురు వేగంగా పోయేలా చూడటమే నా పని.

కోతల్లో కొడవలి జారి ఆమె మణికట్టు తెగింది. లోపలి నరమూ తెగింది. తంతువును పోషించే కణం ఎక్కడో పైనుంది కాబట్టి, తెగిన చోటుకు కిందున్న భాగం కొద్దిరోజుల్లోనే ముక్కలైంది. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల్లో చూసింది ఈ శైథిల్యాన్నే.

నేను చుట్టిన మయలిన్‌ను నేనే విప్పి పారేశాను. మిగిలిన చెత్తను మాక్రోఫేజ్ కణాలు వచ్చి ఎత్తేశాయి. నేను విభజన చెందాను. మా పాత పొర గొట్టంలోనే అందరం బారులు తీరాం. అప్పుడు నా ఒంటిమీదికి ఎల్1, ఎన్‌క్యామ్ అనే అణువులు తిరిగొచ్చాయి. మయలిన్ చుట్టే రోజుల్లో అవి నాకు దాదాపు లేవు. పైనుంచి పెరుగుతూ వచ్చే తంతువు మొన మీదా ఇవే ఉంటాయి. ఎల్1ను ఎల్1 పట్టుకుంటుంది, ఎన్‌క్యామ్‌ను ఎన్‌క్యామ్. 1970లలో ఎన్‌క్యామ్‌ను వెలికితీసింది జెరాల్డ్ ఎడెల్‌మన్ బృందం. యాంటీబాడీల నిర్మాణానికి ఆయన 1972లోనే నోబెల్ అందుకున్నాడు. తీరా చూస్తే ఎన్‌క్యామ్‌దీ యాంటీబాడీల వంశమే! రోగక్రిమిని పట్టే అణువుతో నా అణువుకు చుట్టరికం ఉండటం నాకు గర్వం.

పట్టు ఒక్కటే చాలదు. తాడెక్కే గౌడన్న మోకు బిగిస్తాడు, సడలిస్తాడు, పైకి జరుపుతాడు. తంతువు నడకా అంతే. ఎన్‌క్యామ్‌కు పాలీసియాలిక్ ఆమ్లం తగులుకుంటే పట్టు సడలుతుంది. కండరానికి పోవాల్సిన తంతువులు తమ దారి ఎంచుకోవడానికి ఆ సడలింపే తోడ్పడుతుంది.

నా బాధ ఒకటుంది. మొదట గాయం చూసినవారు చర్మానికి కుట్లేసి పంపేశారు. బొటనవేలు చూపుడువేలికి ఎదురు రావట్లేదని, వేడి గిన్నె పట్టినా సురుక్కుమనట్లేదని ఆమె చెప్పాకే ఇంకోచోట నరం కొసలు కలిపి కుట్టారు. ఈలోగా వారాలు పోయాయి. తంతువు రాక ఎంత ఆలస్యమైతే మా ఒంటిమీది అణువులు అంతగా తగ్గుతాయి, మాలో కొందరం చచ్చిపోతాం. మణికట్టు తెగితే వేళ్లకు స్పర్శ ఉందో లేదో ఆ పూటే చూడాలి.

కుట్టాక కొన్నాళ్లకు డాక్టరు అరచేతిమీద వేలితో తడుతూ, “ఎక్కడ జిల్లుమంటోందమ్మా?” అన్నాడు.

“గిక్కడ సార్, వేలి దాంక జుమ్మంటాంది.”

సరిగ్గా నా మీదే తట్టాడు. మొన నన్ను చేరింది. దాన్ని ఒడిసి పట్టుకున్నాక ఎల్1నూ ఎన్‌క్యామ్‌నూ మెల్లగా వెనక్కి తీసుకుని, మళ్లీ మయలిన్ చుట్టడం మొదలుపెట్టాను. ఈసారి నా వంతు ముక్క పొట్టిది, తొడుగూ పలచనే. వేలి కొసకు ఇంకా పది సెంటీమీటర్లకు పైనే ఉంది. రోజుకు మిల్లీమీటరు చొప్పున మూడు నెలలు దాటుతుంది. అందాకా నా కిందివాళ్లు ఎల్1 విడిచిపెట్టకూడదు.